తాళం తీసిన డిస్కు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు కరెంటు వచ్చింది. నంద్యాల బస్టాండు వెనక సందులో ఉండేది ఆ కంప్యూటర్ షాపు. ఫ్యాను తిరగడం మొదలుకాగానే షాపాయన మెడ మీది టవలుతో ముఖం తుడుచుకొని కంప్యూటర్ ఆన్ చేశాడు.

"రా సార్, కూర్చో. సాయంత్రం దాకా తియ్యరంట. ఆ లోపల పనయిపోతే మనం గెలిచినట్టే" అన్నాడు.

పొద్దున మొదలుపెట్టిన పని సగంలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ మొదటినుంచి చేయాలి. ఒక సినిమా డీవీడీకి ఉన్న తాళం తీసి కాపీ చేయడం, అదీ పని. ఆ సినిమా మీద నాకు ఆసక్తి లేదు. ఆ డిస్కులో ఒకచోట మా అన్న మాట్లాడతాడు. అన్న చనిపోయి అప్పటికి మూడేళ్లు దాటింది.

నేను నంద్యాలలో లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. అన్న ఆళ్లగడ్డలో మా నాయన దగ్గర నేర్చుకున్న పనే చేసేవాడు. రాతి విగ్రహాలు చెక్కేవాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు సగం చెక్కిన దేవుళ్లు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. రాతిపొడి వల్లేనని డాక్టరు చెప్పాడు. అప్పటికి అతని కూతురు ఇంకా పాకుతోంది. నేను ఈ డిస్కు వెంట తిరిగేనాటికి ఆ పాప పలక పట్టుకొని బడికి పోతోంది. వాళ్ల నాయన గొంతు ఎలా ఉండేదో ఆమెకు తెలియదు.

వదినకు ఉన్న బాధ అదే. నేను ఆళ్లగడ్డ పోయినప్పుడు ఒకసారి చెప్పింది.

"ఫోటో చూపిస్తే నాయనా అంటాదప్పా. నాయన ఎట్ల మాట్లాడ్తాండె మా అని అడుగుతాది. ఏమని చెప్పల్ల? నేను గొంతు లావు చేసి మాట్లాడితే నవ్వుతాది."

ఇంట్లో అన్న గొంతు ఎక్కడా లేదు. పెళ్లి వీడియో ఉంది. అప్పటి పెళ్లి క్యాసెట్లన్నిటిలాగే దాని మీద మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు ఎక్కించారు. తాళి కట్టాక అన్న పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అంటాడు. పెదవులు కదులుతాయి. వినబడేది పాట. ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది కానీ దాంట్లో మాటలు పట్టి పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా.

ఇక మిగిలింది ఆ సినిమా. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో ఒక సినిమా వాళ్లు ఆళ్లగడ్డకు వచ్చారు. హీరో విగ్రహం కొనడానికి వచ్చే సీను. అన్న షెడ్డు వాళ్లకు నచ్చింది. అన్ననే శిల్పిగా కూర్చోబెట్టి ఒక మాట చెప్పించారు. సినిమా వచ్చినప్పుడు వీధి వీధంతా కలిసి థియేటర్‌కు పోయాం. తెర మీద అన్న నోరు తెరిస్తే ఇంకెవరిదో గొంతు వచ్చింది. "అలాగేనండి బాబూ, పండక్కల్లా చేసిచ్చేత్తానండి" అని.

వెనక బెంచీలో ఎవరో అరిచారు. "ఏమప్పో, గోదారికి ఎప్పుడు పోయొచ్చినావ్? మాకు చెప్పనే లేదే!"

థియేటరంతా నవ్వింది. అన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. బయటికొచ్చాక, "మూతి నాది, మాట వానిది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయినాం" అన్నాడు.

ఆ సినిమా ఒరిజినల్ డీవీడీ నంద్యాలలో దొరుకుతుందని నేను అనుకోలేదు. లైబ్రరీ కంప్యూటర్ బాగుచేయించడానికి పోతే ఈ షాపాయన అల్మరాలో కనిపించింది. ఆయన హైదరాబాదు నుంచి ఒరిజినల్స్ తెప్పించి అద్దెకు ఇచ్చేవాడు. చర్చిలో పాడేవాడు కూడా. క్రిస్మస్ ముందర చుట్టుపక్కల చర్చిల పాటల సీడీలన్నీ ఆయన దగ్గరే కాపీ అయ్యేవి.

మా అన్న ఉన్నాడని చెప్పి ఆ సీను పెట్టమన్నాను. పెట్టాడు. తర్వాత మెనూలో కిందికి పోయి, "షూటింగ్ ముచ్చట్లు కూడా ఉండాయి సార్. వీటినెవురూ చూడరు. ఉండు, ఆడ కూడా ఉంటాడేమో చూస్తాం" అని ఇంకోటి నొక్కాడు.

హీరో గొడుగు కింద కూర్చొని మజ్జిగ తాగుతున్నాడు. వెనక మా షెడ్డు. ఎండను ముఖాల మీదికి కొట్టించే తెల్ల అట్ట పట్టుకొని ఒక లైటాయన అన్న పక్కన నిలబడ్డాడు. అన్న ఉలి ఆపి తల ఎత్తాడు.

"ఓ అన్నా, ఆడ నిలబడాకు. పొడి కండ్లల్లో పడ్తాది. ఈ పక్కకు రా. కండ్లు పోతే మీ సినిమా ఎవురు చూస్తారప్పా?"

అని నవ్వాడు. అంతే. దీనికి ఎవరూ డబ్బింగ్ చెప్పలేదు.

మళ్లీ పెట్టమన్నాను. పెట్టాడు. మూడోసారి నేను అడగకుండానే పెట్టి, టీ చెప్పొస్తానని బయటికి పోయాడు. చాలాసేపు రాలేదు.

ఆళ్లగడ్డలో వదిన పక్కింటికి ఫోన్ చేసి ఆమెను పిలిపించాను.

"ఆయన గొంతేనా? సినిమాలో మాదిరి వేరేవాళ్లది కాదు గదా?"

"అన్నదే వదినా."

"ఏమంటాండాడు?"

చెప్పాను. "తీసకరాప్పా" అంది.

షాపాయన డిస్కు అమ్మనన్నాడు. ఆయన దగ్గరా ఒకటే ఉంది. కాపీ ఇస్తానన్నాడు. "అయితే దీనికి లాక్ ఏసినారు సార్. మామూలుగా కొడితే కాపీ అయినట్టే ఉంటాది. టీవీలో పెడితే ఉత్త గళ్లు." ఇంటర్నెట్ నుంచి ఆయన రెండు సాఫ్ట్‌వేర్లు దించి పెట్టుకున్నాడు. ఒకటి తాళం తీసి డిస్కులో ఉన్నదంతా కంప్యూటర్లోకి పోస్తుంది. రెండోది దాన్ని కుదిస్తుంది. ఒరిజినల్ డిస్కులో ఉన్నది ఖాళీ డిస్కులో పట్టదు కాబట్టి.

ఒరిజినల్ పెట్టగానే మొదట ఒక హెచ్చరిక వస్తుంది, కాపీ చేయడం నేరమని. నేను దాన్ని చివరిదాకా చదివాను.

"ఇది తప్పు కదప్పా" అన్నాను.

"తప్పే సార్. ఆదివారం నేను చెప్పుకుంటాలే చర్చిలో" అన్నాడు. మీ అన్నకు గొంతు మార్చిరి కదా వాళ్లు, అదేమన్నా ఒప్పా అని అడగలేదు. గొంతు మార్చిన సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. సినిమా వాళ్లదే, అందులో సందేహం లేదు. లైటాయనతో మా అన్న చెప్పిన మాట కూడా వాళ్లదేనా అన్నది నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ రోజు కరెంటు మళ్లీ పోలేదు. చీకటి పడకముందే డిస్కు చేతికి వచ్చింది. అన్న సీను ఒకసారి పెట్టి చూపించాడు. ముఖం స్పష్టంగా ఉంది. చాలనుకొని సంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం బస్సెక్కాను. శిరివెళ్లలో బస్సు ఎప్పటిలాగే నిలబడిపోయింది. ఆళ్లగడ్డ చేరేసరికి వదిన ఇల్లు కడిగి, పాపకు తలస్నానం చేయించి, ఇరుగుపొరుగును పిలిచి చాప పరిచింది. డిస్కు పెట్టాను. మెనూ రాలేదు. నేరుగా సినిమా మొదలైంది. రిమోట్‌లో ఉన్న మీటలన్నీ నొక్కాను. షూటింగ్ ముచ్చట్లు ఎక్కడా లేవు.

"నాయన యాడ?" అంది పాప.

సీను దగ్గరికి పోనిచ్చాను. అన్న వచ్చాడు. "అలాగేనండి బాబూ" అన్నాడు. పక్కింటామె పాత అలవాటుగా నవ్వబోయి ఆపుకుంది.

వదిన నా మీద కోప్పడలేదు. "ఇది అప్పుడే చూసినాం గదప్పా. ఈ గొంతు నేనేం చేసుకోవల్ల?" అంది. రిమోట్ తీసుకొని సౌండ్ తీసేసింది. పాపను టీవీ దగ్గరికి తీసుకుపోయి ముఖం చూపించింది.

మరుసటి రోజు షాపుకు పోయి అడిగాను.

"సినిమా ఒక్కటే ఉంచి మిగతా సామానంతా తీసేసినా సార్. అన్నీ పెడితే బొమ్మ మసకైతాది. మీ అన్న మొగం బాగా కనపడల్ల అని..."

"నాకు కావల్సింది గొంతు."

"సినిమాలో ఉండాది గదా సార్ గొంతు?"

"అది మా అన్నది కాదు."

"సినిమా కోసం అట్ల మాట్లాడినాడనుకుంటి సార్" అన్నాడు చివరికి. కంప్యూటర్లో పోసినదాన్ని చర్చి పాటలకు జాగా చాలక తుడిచేశాడట. ఒరిజినల్‌ను ఆత్మకూరు ఆయన ఒకడు అద్దెకు తీసుకుపోయాడట.

ఆత్మకూరు ఆయన తొందరగా రాలేదు. వచ్చినప్పుడు డిస్కు అడుగున గీతలు ఉన్నాయి. షాపాయన దాన్ని వెలుగుకు పట్టి చూసి, "పిల్లోల్లు నేల మీద దొర్లిచ్చినారు, టైరు మాదిరి" అన్నాడు. పెట్టాడు. సినిమా నడిచింది. షూటింగ్ ముచ్చట్లు నొక్కితే డ్రైవు గుర్రుమని తిరిగి ఆగిపోయింది. తాళం తీసే సాఫ్ట్‌వేర్ కొంత దూరం పోయి, చదవలేకపోతున్నానని చెప్పి నిలబడింది.

తర్వాతి రోజుల్లో ఆయన చేయనిది లేదు. డిస్కును సబ్బునీళ్లతో కడిగాడు. టూత్‌పేస్ట్ రాసి మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచాడు. తెలిసినవాళ్ల కంప్యూటర్ల నుంచి వేరే డ్రైవులు విప్పి తెచ్చి బిగించాడు. హైదరాబాదుకు ఫోన్ చేసి ఇంకో డిస్కు అడిగాడు, అయిపోయాయన్నారు. నేను లైబ్రరీ మూసి పోయేసరికి రోజూ "చేస్తాండా సార్" అనేవాడు. ఒక సాయంత్రం ఆ మాట అనలేదు. కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నాడు.

గొడుగు, మజ్జిగ, తెల్ల అట్ట. "ఓ అన్నా, ఆడ నిలబడాకు. పొడి కండ్లల్లో పడ్తాది. ఈ పక్కకు రా." అక్కడితో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. సినిమా ఎవరు చూస్తారన్న మాట, ఆ నవ్వు రాలేదు.

"దానికవతల ఒక్క ముక్క కూడా రావడంల్యా సార్."

"ఇది చాలప్పా" అన్నాను. ఈసారి సినిమా మొత్తం తీసేసి ఆ ముక్క ఒక్కటే డిస్కుకు ఎక్కించాడు.

వదిన ఈసారి ఎవరినీ పిలవలేదు. టీవీకి చాలా దగ్గరగా కూర్చుంది. విన్నాక, "కసిరినట్టే ఉంది. ఇదే. ఇట్లనే కసురుతాండె" అంది. ఆ తర్వాత ఏమన్నాడో నేను నా గొంతుతో చెప్పాను. "ఆ మాట అన్నాడా!" అని నవ్వింది.

పాప అడిగింది. "లైటాయన పక్కకు పోయినాడా?"

"పోయినాడు" అన్నాను. ఆయన పోయాడో లేదో బొమ్మలో కనబడదు.

ఆ ఏడు తద్దినం నాడు భోజనాలయ్యాక డిస్కు పెట్టాం. మరుసటి ఏడు కూడా. అలా అది మా ఇంట్లో కార్యంలో భాగమైపోయింది. బంధువులు చేతులు కడుక్కొని వచ్చి చాప మీద కూర్చునేవారు. పాపకు ఆ మాట ఎంత బాగా వచ్చేసిందంటే, టీవీలో అన్న అనకముందే అదే విసురుతో తను అనేది. బడిలో పిల్లలను "ఆడ నిలబడాకు" అని కసిరేదట. టీచరమ్మ చెబితే వదిన సంతోషపడింది.

ఆ దశాబ్దం చివర ఒక ఏడు, భోజనాలయ్యి బంధువులు బస్సులకు పోయారు. నేను లేచి ప్లేయర్‌కు వైరు తగిలిస్తున్నాను.

"ఈసారి వద్దులేప్పా" అంది వదిన వంటింట్లోంచి.

పాడయిందేమో అనుకొని, ఇంకో కాపీ ఉందని చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

"పొద్దున్నే ఆయనను తలుచుకుంటామని కూర్చుంటి. నన్ను ఎట్ల పిలుస్తాండె, అన్నం కాడ ఏమంటాండె అని. ఒక్కటి రాలే. ఎంత యోచన చేసినా 'ఆడ నిలబడాకు' అనేదే వస్తాండాది. నాతో అన్న మాటలన్నీ పాయె. ఆ లైటాయనతో అన్నదే మిగిలె."

షాపులో నేను మూడుసార్లు విన్న నవ్వును గుర్తుచేసుకోబోయాను. నవ్వాడని గుర్తుంది. నవ్వు వినబడలేదు.

పాప అప్పటికి పెద్ద క్లాసుకు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి వింటోంది. "నీకు మాటలుండె, మరిచిపోయినావు. నాకు ఇదొక్కటే గదా మా" అంది.

వదిన కూతురి వైపు చూసింది. "డిస్కు నీదే. నీ పెట్టెలో పెట్టుకో. నేను లేనప్పుడు ఎన్నిసార్లయినా పెట్టుకో పో. నేను ఉన్నప్పుడు వద్దు. నన్ను యోచన చెయ్యనీ. వచ్చినప్పుడు ఒక్కొక్కటే చెప్తా."

నేను వైరు చుట్టి అల్మరాలో పెట్టాను. బస్సుకు ఇంకా టైముంది. ముగ్గురం ఊరికే కూర్చున్నాం. బయట ఎవరి షెడ్డులోనో రాయి కోసే మిషను ఆగింది. చాలాసేపటికి వదిన, "కారం తక్కువైతే, ఏం మే, ఊర్లో మిరపకాయలు అయిపోయినాయా అంటాండె" అంది.

"ఇంకా?" అంది పాప.

"ఉండు" అంది వదిన.

తద్దినం నాడు మా ఇంట్లో ఇప్పుడు డిస్కు పెట్టడం లేదు.