మరుగుదొడ్లకు దాత దొరికిన వైనం

తెలుగు పండితుడిగా పాతికేళ్లలో నేను నవ్వించలేని తరగతి లేదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఏ తనిఖీ రిపోర్టులోనూ ఎవరూ రాయలేదు కాబట్టి.

వనపర్తిలో బస్సెక్కి గద్వాలలో దిగి, అక్కడ అయిజ బస్సు పట్టుకుని, దారిలో దిగి మైలు నడిస్తే మా హైస్కూలు. ఆ నడకలో నాకు కాశీయాత్ర పుణ్యంలో సగమైనా జమై ఉంటుంది. మూడేళ్ల కిందట అక్కడి తొమ్మిదో తరగతికి ఓ పాత వ్యంగ్య నవల చదివి వినిపించాలని పూనుకున్నాను. సిలబస్‌లో లేదు. ఉన్నది ఒకటే ప్రతి, నా సొంతం. పేజీ తిప్పితే అప్పడంలా విరిగేది. తుమ్ము వస్తే కిటికీ దాకా పరుగెత్తి తుమ్మి వచ్చేవాణ్ణి.

నవలలో కథానాయకుడు ఓ ఊరి పెద్ద. ఏది దానమిచ్చినా దానిమీద తన పేరు చెక్కించుకోవడం ఆయన జబ్బు. బావి తవ్వించి, పడినవాడు మునిగేలోపు చదువుకోవాలని లోపలి గోడమీద కూడా పేరు చెక్కిస్తాడు. కాలేజీ రోజుల్లో ఆ పేజీ చదివి నేను మంచం మీంచి కింద పడ్డాను. మంచం ఎత్తు ఎంతని అడక్కండి, చెబితే నమ్మరు.

పిల్లలు మాత్రం నవ్వలేదు. నలభై మంది నన్ను దవాఖానలో రోగిని చూసినట్టు చూశారు.

"నవ్వు రాలేదా బిడ్డా?" అన్నాను.

"ఎందుకు నవ్వాలె సార్?" అన్నాడు వెనక బెంచీవాడు. "బావి తవ్విచ్చిండు, పేరు రాసుకుండు. తప్పేముంది?"

"ఫొటో గూడ పెట్టిస్తే మంచిగుండు సార్," అన్నాడు పక్కవాడు, ఎంతో సానుభూతితో.

వాళ్ల తప్పు లేదు. మా బడిలో బీరువా మీద దాత పేరు, బెంచీల మీద దాత పేరు, గేటు మీద పేరుతోపాటు వాళ్ల నాయన పేరు. అన్నీ ఊళ్లోని ఒక్క పెద్దమనిషివే. పత్తి విత్తనాల వ్యాపారి, చేయి ధారాళం. ఆయన ఇవ్వనిది మరుగుదొడ్డి ఒక్కటే.

ఆడపిల్లలకు కావలసింది అదే. ఉన్నదానికి తలుపు లేదు, కప్పు ఒకప్పుడు ఉండేదని పెద్దలు చెబుతారు. ఆడపిల్లలు పొద్దంతా గుక్కెడు నీళ్లు తాగరు. అన్నం గంట కొట్టగానే ఇళ్లకు పోతే సగం మంది మళ్లీ రారు. మధ్యాహ్నం లెక్కలూ సైన్సూ మగపిల్లలకే. మా హెడ్ మేడం ఆ పెద్దమనిషిని మూడుసార్లు అడిగింది.

"ఇంకేమన్న అడుగమ్మా, ఇస్త," అన్నాడట ఆయన. "దొడ్డి మీద నా పేరు రాస్తే ఊర్లె నా ఇజ్జత్ ఏం గావాలె? రాయకపోతే నేనిచ్చిన్నని ఎవరికి తెలుస్తది?"

మేడం నమస్కారం పెట్టి వచ్చేసింది. 

ఇక నవల సంగతి. పన్నెండు రోజులు చదివాను, పన్నెండు రోజులూ శ్మశాన నిశ్శబ్దం. పదమూడో రోజు గొంతు పోయి, ముందు బెంచీలో కూర్చునే పిల్ల చేతికిచ్చాను. ఆ పిల్ల తల్లిదండ్రులు విత్తనాల కోసం పండించే సీడు పత్తి చేలల్లో కూలీలు. పాఠం చదివితే రేడియోలో వార్తలు విన్నట్టుండేది. ఆమె చదువుతుండగా కరెంటు పోయింది. తిరిగే ఫ్యాను మెల్లగా ఆగింది. ఆగేసరికి ఒక రెక్క మీద పెద్దమనిషి పేరు, రెండో దానిమీద వాళ్ల నాయన పేరు, మూడో దానిమీద 'దాత' అని బయటపడ్డాయి.

పిల్ల తలెత్తి చూసింది. పుస్తకం చూసింది. మళ్లీ పైకి చూసింది.

"సార్, ఈయన మనూర్లె గూడ ఉన్నడు!"

అప్పుడు నవ్వింది తరగతి. గోడల సున్నం రాలింది, బయట చింతచెట్టు మీది కొంగలు లేచి జూరాల డ్యాము దాకా పోయాయి. సాయంత్రానికి ఆ నవ్వు పెద్దమనిషి ఇల్లు చేరింది.

మర్నాడు నా పీరియడుకు ఆయనే వచ్చాడు. తెల్లబట్టలు, భుజాన తువ్వాలు. వెనక బెంచీలో కూర్చున్నాడు.

"ఏందో కథ చెప్తుండవంట గద సారూ. నేను గూడ వింట. కానియ్."

 నా ఉద్యోగం పోదని తెలుసు. పోయేది మరుగుదొడ్ల మీద మిగిలిన ఆశ. పుస్తకం గబగబా తెరిస్తే రెండు పేజీలు విరిగాయి. ఆ పిల్ల లేచి నా చేతిలోంచి తీసుకుని చదవడం మొదలుపెట్టింది. అదీ నవలలోని మహాప్రభువు ఊరికి పాడె దానం చేసి, మోసే నలుగురికీ కనబడేలా నాలుగు వైపులా పేరు రాయించే ఘట్టం!

ముందు పెద్దమనిషి కదల్లేదు. తర్వాత మీసం కదిలింది. తర్వాత బెంచీ కదిలింది. తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ, "అరె, అచ్చం మా బామ్మర్దే గదనే!" అన్నాడు. "పక్కూర్లె బస్‌స్టాండుకు నాలుగు దిక్కుల పేరు రాయిచ్చుకుండు, బేకార్‌గాడు!"

తరగతిలో ఎవరూ ఫ్యాను వైపు చూడలేదు. నలభై మంది అంత క్రమశిక్షణతో నేల చూడడం నా సర్వీసులో అదే మొదలు.

"మంచిగ చదివినవ్ బిడ్డా. ఏం గావాలె నీకు?" అన్నాడాయన.

పిల్ల తడుముకోలేదు. "మా ఆడపిల్లలకు బాత్రూములు గావాలె తాతా. మీ పేరొద్దు. మీ బామ్మర్ది పేరు రాయిద్దాం."

  ఆయన మొహంలో మెల్లగా విరిసిన ఆనందాన్ని నేను పెళ్లికొడుకుల్లో కూడా చూడలేదు.

"నాలుగు గదులు కట్టిస్త," అన్నాడు. "నాలుగిటి మీద వాని పేరే రాయాలె."

నెలన్నరలో కట్టించాడు. నీళ్ల ట్యాంకూ పెట్టించాడు. ప్రారంభానికి బామ్మర్దిని పిలిచారు. కొట్లాట ఖాయమని మేడమూ నేనూ సైకిలు స్టాండు చాటున నిలబడ్డాం. బామ్మర్ది గోడ మీది తన పేరును కిందికీ మీదికీ చూశాడు.

"మంచిగుంది బావా," అన్నాడు. "అక్షరాలు జర పెద్దగ రాయకపోయిన్రు."

ఆ వారం నవల చివరి అధ్యాయం అన్నం గంటలోపు పూర్తికాలేదు. లెక్కల సారును బతిమాలి మధ్యాహ్నం మొదటి పీరియడు అడిగి తీసుకున్నాను. తరగతిలో అడుగు పెట్టేసరికి ఆడపిల్లలందరూ బెంచీల్లో ఉన్నారు, ఒక్కరూ తక్కువ లేరు. మధ్యాహ్నం పూట ఆ తరగతి అంత ఇరుకని నాకు అప్పుడే తెలిసింది. నేను కిటికీ పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ పిల్ల చదివింది.