రాత్రికి ఊళ్ళోనే పడుకునే బస్సు

ఇప్పటి పిల్లలు హ్యాకథాన్ అంటున్నారు. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదివే రోజుల్లో ఆ మాట ఇంకా మా తిరువూరు దాకా రాలేదు. బెజవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు రెండు రోజుల కంప్యూటరు ప్రోగ్రాముల పోటీ పెడుతున్నారని మా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. వెళ్ళాలంటే ముందు మనం చేసే ప్రాజెక్టు గురించి రెండు పేజీల దరఖాస్తు పంపాలి. అది నచ్చితేనే పిలుపు.

మా నాన్న మండలాఫీసులో గుమాస్తా. అర్జీలు రాయించుకోవడానికి జనం మా ఇంటికే వచ్చేవారు. ఏ ఫారమైనా సరే, తెచ్చిన పూటే నింపి కవర్లో పెడితే గాని భోజనానికి లేచేవారు కాదు. నన్ను టీచర్ని చెయ్యాలని ఆయన కోరిక. బీఈడీ ఎంట్రన్సు ఫారం అప్పటికే తెచ్చి బీరువాలో పెట్టారు. నేనేమో ఎంసీఏ అని ఏడాదిగా ఇంట్లో పోరు పెడుతున్నాను.

"సరే, బెజవాడవాళ్ళు పిలిస్తే నీ ఎంసీఏ. పిలవకపోతే నా బీఈడీ. తర్వాత మూతి ముడుచుకుని కూర్చోకూడదు" అన్నారు నాన్న.

నా ప్రాజెక్టు బస్సుల గురించి. బస్టాండులో ఒక కంప్యూటరు పెడితే, ఊరి పేరు కొట్టగానే తర్వాతి బస్సు ఎన్నింటికో చెబుతుంది. బస్టాండు గోడ మీద ఉన్న టైములన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకొచ్చాను. ప్రోగ్రాం రాశాను. దరఖాస్తు నిండా డిక్షనరీలో ఏరిన పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు దట్టించి, గొప్పగా నాన్న చేతికిచ్చాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు. "బాగానే ఉందే. ఇంతకీ కష్టం ఎవరిది?"

"అంటే?"

"అర్జీ అన్నాక మొదటి వాక్యంలోనే కష్టం ఎవరిదో తెలియాలి. ఇందులో కంప్యూటరు గొప్ప ఉంది, నీ గొప్ప ఉంది. బస్సు కోసం కూర్చున్న మనిషేదీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కంప్యూటర్ల గురించి ఈయనకేం తెలుసు? మర్నాడు సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని విసవిసా బస్టాండుకు నడిచాను. ఆయన మాట తప్పని తేల్చడానికే వెళ్ళాను, ఇంకెందుకూ కాదు.

బెంచీ మీద ఒక ముసలావిడ మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వినగడప వెళ్ళాలట. నా లెక్కలో ఆ ఊరికి ఇక మిగిలింది చివరి బస్సే. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగితే, పొద్దున్నే రక్తం పరీక్షకు రావాలంది. నేను పుస్తకం తిప్పి పెద్ద ఆరిందాలా చెప్పాను.

"రేపు ఇక్కణ్ణించి మీ ఊరికి మొదటి బస్సే ఎనిమిదిన్నరకండీ మామ్మగారూ. అది వెళ్ళి తిరిగొచ్చేదాకా మీకు బస్సు లేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "ఎందుకు లేదమ్మా? ఇప్పుడు నేనెక్కే బస్సు రాత్రికి మా ఊళ్ళోనే పడుకుంటదిగా! తెల్లారగట్ల అయిదింటికి అక్కణ్ణించే బయల్దేరుద్ది. పాలోళ్ళం, ఆస్పత్రోళ్ళం అందరం దాన్లోనేగా వచ్చేది!"

నోటుపుస్తకం మళ్ళీ తిప్పాను. గోడ మీద ఉన్నవన్నీ తిరువూరులో బయల్దేరే టైములు. రాత్రి వెళ్ళి పల్లెలో ఆగిపోయి, తెల్లవారుజామున అక్కడే బయల్దేరే బస్సు సంగతి గోడకు తెలియదు, గోడను చూసి రాసిన నాకూ తెలియదు. ఊళ్ళో పుట్టి పెరిగి, ఇరవయ్యేళ్ళొచ్చి, పక్క పల్లె బస్సు ఎక్కడ పడుకుంటుందో తెలియని మొద్దుని! సిగ్గేసింది. కానీ అబద్ధమెందుకు, ఆ సిగ్గు వెనకాలే బోలెడు సంతోషం కూడా వేసింది.

తర్వాత నాలుగు సాయంత్రాలు బస్టాండులోనే కూర్చున్నాను. పెనుగొలను వాళ్ళనీ, నెమలి ఊరివాళ్ళనీ, కనపడ్డ ప్రతివాళ్ళనీ మీ ఊరి బస్సు ఎక్కడ పడుకుంటుందండీ అని అడిగాను. నవ్వినవాళ్ళు నవ్వారు, చెప్పినవాళ్ళు చెప్పారు. పల్లెల్లో బయల్దేరే టైములకు ప్రోగ్రాంలో వేరే పట్టిక చేర్చి, దరఖాస్తు మొత్తం చించేసి మళ్ళీ రాశాను. వినగడపలో ఒక పెద్దావిడ పొద్దున్నే ఆస్పత్రికి రావాలంటే ఏ బస్సుందో మా బస్టాండు గోడ చెప్పదని మొదలుపెట్టాను. నా మొదటి ప్రోగ్రాం కూడా తప్పే చెప్పింది, ఎందుకంటే నేను గోడను చూశాను, మనుషుల్ని అడగలేదు, అని కింద రాశాను.

నాన్న అక్కడ ఆగిపోయారు. "తప్పు ఒప్పుకుంటూ ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటారుటే? ఆ ముక్క తీసెయ్."

"మీ అర్జీ అయితే తీసేయండి. ఇది నాది."

"తండ్రికి తగ్గ కూతురే, ఇద్దరూ మొండిఘటాలే" అంది అమ్మ వంటింట్లోంచి. కవరు మీద అడ్రసు మాత్రం నాన్నే గుండ్రటి అక్షరాలతో రాసి పోస్టు చేసొచ్చారు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. రమ్మన్నారు! టైపు చేసిన నాలుగు లైన్ల కింద ఎవరో పెన్నుతో ఇంకో లైను రాశారు. తన తప్పు తనే పట్టుకున్న అమ్మాయిని చూడాలని ఉందట. నాన్న రెండుసార్లు చదివారు. బీరువా తెరిచి బీఈడీ ఫారం తీశారు.

"పక్కింటి అమ్మాయి ఫారం దొరకలేదని తిరుగుతోందిటగా. గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఇచ్చిరా."

"నా పేరు నింపేసుంటారుగా నాన్నా, ఆ అమ్మాయికెలా పనికొస్తుంది?"

ఆయన వినిపించుకోనట్టు పేపరు అందుకున్నారు. ఫారం తెరిచి చూశాను. ఇంటికి తెచ్చి అప్పటికి నెల దాటింది. అందులో ఒక్క గడి కూడా నింపలేదు. నా పేరు కూడా రాయలేదు.