ఎనిమిదో తరగతి రాజ్యాంగం

2022 ఆగస్టు. గద్వాల దగ్గర, ధరూర్ మండలంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతికి భారత రాజ్యాంగం పాఠం చెప్పాలి. ఊరికే చదివి వినిపిస్తే సగం తరగతి నిద్రపోతుంది. అందుకని మాక్ అసెంబ్లీ పెట్టాను. అంటే పిల్లలే రాజ్యాంగ సభ సభ్యులై, తమ తరగతికి ఒక రాజ్యాంగం రాసుకుంటారన్నమాట. నాకు ఏదైనా పద్ధతి ప్రకారం జరగాలి. ముసాయిదా సంఘం, చర్చ, సవరణలు, ఓటు, అన్నీ అసలు సభలో లాగే పెట్టించాను. నా చాదస్తం చూసి మా హెడ్మాస్టరు నవ్వేవారు.

రెండు రోజులు కిటికీ పక్క సీట్ల గురించే కొట్లాడుకున్నారు. మూడో రోజు సువార్త లేచింది. కూలికి పోయే ఇంటి పిల్ల, మాట తక్కువ.

"సార్, క్రాసింగ్ కోసం ఎవ్వరినీ బడి మాన్పియ్యొద్దని రాయాలె. మాన్పిస్తే క్లాసంత వాళ్లింటికి పోయి అడగాలె."

మా వైపు విత్తన పత్తి, అంటే విత్తనాల కోసమే పండించే పత్తి, ఎక్కువ. సాయంత్రం మొగ్గలోని మగభాగాన్ని గోటితో తీసేసి, మర్నాడు పొద్దున ఆ పువ్వుకు వేరే మొక్క పుప్పొడి అంటించడమే క్రాసింగ్. వేళ్లు సన్నగా ఉంటాయని ఆడపిల్లలను పిలుస్తారు.

"మరి మా చేన్ల పని ఎవరు చేస్తరు?" అంది శ్రావణి. వాళ్లది విత్తన పత్తి వేసే ఇల్లు.

"మీరే చేసుకోండ్రి" అంది సువార్త.

తరగతంతా నవ్వింది. ఓటుకు అన్ని చేతులూ లేచాయి, కాస్త ఆలస్యంగా శ్రావణిది కూడా. అందరూ చార్టు మీద సంతకాలు చేశారు. అప్పుడు నేను చార్టు అడుగున ఇంకో మాట రాయించాను. మన దేశ రాజ్యాంగాన్ని నవంబరు 26న ఆమోదించారు, జనవరి 26 నుంచి అమలు చేశారు. మనదీ అలాగే, దసరా సెలవుల తర్వాత అమలు అని. పిల్లలకు ఆమోదానికీ అమలుకూ తేడా బాగా గుర్తుంటుందని మురిసిపోయాను.

పది రోజులకు సువార్త తల్లి దేవమ్మ నడుముకు గుడ్డ బిగించుకుని తరగతి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పిల్లను దీస్కపోత సారూ. నాకు నడుము పడిపోయింది. నా జాగల ఈమె రాకుంటే పటేలు వేరేటోళ్లను పెట్టుకుంటడు. ఇంట్ల పొయ్యెట్ల ఎలుగుతది?"

సువార్త కదల్లేదు. "సార్, మనం రాసుకున్నం గద. క్లాసంత వస్తరు గద."

అందరూ నన్నే చూస్తున్నారు. దేవమ్మకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ తేదీ చాటున దాక్కున్నాను.

"అది దసరా తర్వాత కదమ్మా అమలయ్యేది" అన్నాను.

"అప్పటిదాంక?"

నేను బోర్డు వైపు తిరిగాను. ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుని తల్లి వెంట వెళ్లిపోయింది.

సెలవులయ్యాక, అమలైన మొదటి రోజే తరగతంతా నాతో కలిసి వాళ్లింటికి నడిచింది. తలుపుకు తాళం వేసి ఉంది.

"క్రాసింగ్ అయిపోయినంక కర్ణాటక దిక్కు పనికి పోయిండ్రు. యాడున్నరో తెల్వదు" అంది పక్కింటామె.

"ఇప్పుడు ఎవర్ని అడగాలె సార్?" అంది శ్రావణి. ఆ ఏడాది చివర సువార్త పేరు ఎదురుగా డ్రాపౌట్, అంటే బడి మానేసిన పిల్ల అని నా చేత్తోనే రాశాను. తను మళ్లీ రాలేదు.

నిజానికి రాజ్యాంగంలో కొన్ని అధికరణలు ఆమోదించిన రోజే అమల్లోకి వచ్చాయి. ఎవరు ఈ దేశ పౌరులో చెప్పేవి వాటిలో ఉన్నాయి. అత్యవసరమైన వాటిని ఆపకూడదని ఆ పెద్దలకు తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. పరీక్షలో అడగరని వదిలేశాను. ఇప్పుడు ప్రతి ఏడూ ముందుగా అదే చెబుతున్నాను. ప్రతి ఆగస్టులో నా తరగతిలో ఇద్దరో ముగ్గురో ఆడపిల్లలు తగ్గుతూనే ఉన్నారు.