నూట ఎనభై ఆరు దండాలు

నా మనవరాలు చర్చిలో పైప్ ఆర్గన్ నేర్చుకునే రోజుల్లో వారానికి మూడుసార్లు తోడు వెళ్ళేదాన్ని. సోమ, బుధ, శుక్రవారాలు. మా పేట నుంచి మెట్రో, దిగాక ఏడు నిమిషాల నడక. మిగతా నాలుగు సాయంత్రాలూ మా వీధి ఆడవాళ్ళ కోలాటం. పాట ఎత్తుకునేది నేను. ఆడే పదహారు మందిలో ఆఖరి జంటలో ఆ పిల్ల.

ఆర్గన్‌ను చేతులతో వాయిస్తే సరిపోదు, కాళ్ళతో కూడా వాయించాలి. కింద ముప్పై చెక్కమెట్లుంటాయి, రెండుసార్లు లెక్కపెట్టాను. వాటిని తొక్కాలి. అదీ బూట్లేసుకుని. మా కోలాటంలోనైతే కింద పడిన కోలకు కాలు తగిలితే, ఆట ఆగకుండా దాన్ని ముట్టి కళ్ళకద్దుకోవాలి. ఆ నియమం పెట్టింది నేనే.

అదే కొంప ముంచింది. వాయిద్యంలో ఒళ్ళు మరిచిందంటే చాలు, కాలు మెట్టు మీద పడగానే పిల్ల కుడిచేయి దానంతటదే లేచి కళ్ళకు పోయేది. పైన రాగానికి గండి పడేది. నాలుగు నిమిషాల్లో ఐదుసార్లు.

మేష్టరు తిట్టినా మెల్లగా తిట్టే మనిషి. "ఈగలు తోలుతున్నావామ్మా?" అన్నాడు కన్నడంలో. సంగతి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పరీక్షలో చెయ్యి లేస్తే తప్పుతావు. తప్పితే కోలాటం మానెయ్యాలి. రెండూ కావాలంటే నేను నేర్పను."

ఇంటికొచ్చాక పిల్ల ఏడ్చింది.

"కాలు తగిలితే తప్పని నువ్వంటావు. తగలకుంటే తప్పని ఆయప్ప అంటాడు. నేనేం చేసేది అవ్వా?"

"ఆ చేతిని కట్టేసుకో."

"దాంతో కూడా వాయించల్ల కదవ్వా!"

నిజమే. దండం మానెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. ఆ దండాలేవో ముందే నేను పెట్టేస్తే?

"పరీక్ష పాటలో నీ కాలు ఎన్నిసార్లు తగలాల్నో చూసి చెప్పు."

పుస్తకం తెరిచి నూట ఎనభై నాలుగంది. మళ్ళీ లెక్కపెట్టించాను. నూట ఎనభై ఆరు.

పరీక్ష రోజు తొమ్మిదింబావుకే చర్చిలో ఉన్నాం. వంగి ఆర్గన్ మెట్లను ముట్టి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టాను. యాభైకి నడుం పట్టేసింది. నూట పదిహేను దగ్గర చర్చి ఊడ్చే ఆమె చీపురు ఆపింది.

"ఏమన్నా పడిపోయిందా అవ్వా?"

"ఇంకా డెబ్భై ఒకటి ఉండాయి, మాట్లాడించొద్దు తల్లీ."

అన్నీ అయ్యాక పిల్లను పిలిచాను. "నీ పేరున అన్నీ పెట్టేసినా. ఇంక నీ చెయ్యి లేచిందంటే లెక్క ఎక్కువైతాది. జాగ్రత్త."

పరీక్ష చేసే ఆయన పిల్ల చేతులు చూశాడు. నేను పక్కన కూర్చుని కాళ్ళే చూశాను. చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు. కానీ నా లెక్క నూట ఎనభై ఎనిమిదికి వచ్చి ఆగింది.

మూడు వారాలకు కాగితం వచ్చింది. పాసు. కాళ్ళతో రెండు స్వరాలు అదనంగా వేసిందనీ, తాళం మాత్రం ఎక్కడా సడలలేదనీ రాశారు. తాళం మాట మేష్టరు రెండుసార్లు చదివాడు.

"మీ కోలాటం ఏ రోజుల్లోనమ్మా?" అన్నాడు.

"మంగళ, గురు, శని, ఆదివారాలు. ఒక్క నిమిషం ఉండండి" అని, వెళ్ళి ఆర్గన్ మెట్లకు ఆ మిగిలిన రెండు దండాలూ పెట్టి వచ్చాను.