రెండు జావాల్లో ఏది మేలు

బోగోలులో రైసుమిల్లు ఇంజన్లు బాగుచేసే సంజీవరావుకు రెండు జావా మోటారుసైకిళ్లుండేవి. మొదటిది చెకొస్లొవేకియా నుంచి ఓడలో దిగిన బండి. యాభై ఎనిమిదిలో మద్రాసులో పాతది చూసి కొన్నాడు. రెండోది మైసూరులో తయారైంది. అరవై మూడులో కావలి డాక్టరు గారొకరు అమ్మితే తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆ రెంటినీ పోల్చుకుంటూ కూర్చోవడమే ఆయన సరదా. ఇసకలో పాతది బాగా లాగుతుందనేవాడు. కొత్తదాని సీటు మెత్తన, రోడ్డెక్కిందంటే కుదుపే తెలియదనేవాడు. ఏది మేలో మాత్రం తేల్చేవాడు కాదు. కొత్తదాన్ని ఇంకొకరి చేతికిచ్చేవాడూ కాదు.

భార్య మగ్దలీనమ్మ కాన్పులు చేసే నర్సు. పల్లెలకు ఆయన వెనక కూర్చునే పోయేది. ఒక వేసవిలో చర్చి ఆవరణలో పాతబండి మీద నాలుగు రోజులు ఆమెకు నడపడం నేర్పించాడు.

మరుసటేడు, పాతది ఇసకలో ఎట్లా పోతుందో స్నేహితుడు చెంచురామయ్యకు చూపించబోయి సంజీవరావు పడ్డాడు. మణికట్టు విరిగింది. బండి ముందుచక్రం వంగింది. చేతికి కట్టుతో వరండాలో కూర్చున్న మూడో రోజు పొద్దున, జువ్వలదిన్నె నుంచి చిన్నపోలయ్య అనే జాలరి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, మా కోడలికి నిన్న సాయంత్రం నుంచి నొప్పులు. మనిషి నీరసపడిపోతా ఉండాది."

ఎద్దులబండిలో పోతే మధ్యాహ్నమవుతుంది. మగ్దలీనమ్మ కుచ్చెళ్లు పైకి దోపి, మందుల సంచి వీపున కట్టుకొని కొత్తబండి దగ్గరికి నడిచింది.

సంజీవరావు లేచి నిలబడ్డాడు. "అది నీ చేతికి కొత్త, మగ్దలీనా."

"పాతదాని చక్రం వంకరపోయింది గదా. తాళం ఇయ్యండి."

ఆయన లోపలికి పోయి తాళం తెచ్చి ఇచ్చాడు. "ఇసకొస్తే రెండో గేరు దాటించబాక," అన్నాడు. చప్పుడు వినబడినంతసేపూ వాకిట్లోనే నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా ఆమె తిరిగొచ్చింది. బండి నిండా ఇసక. టాంకు మీద పొడుగాటి గీత. హ్యాండిలుకు వంజరం చేప వేలాడుతూ ఉంది.

"ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు," అంది.

"యాడ పడినావు?"

"రెండు చోట్ల. లేపుకొని పోయినా."

ఆయన ఎడమచేత్తో టాంకు తుడుస్తూ, ఉండబట్టలేక అడిగాడు. "ఇసకలో పాతదే బాగా లాగుద్ది గదా?"

"నాకేం తెలుసు? దారి చూసుకుంటా పోయినా."

చెయ్యి కూడుకున్నాక సంజీవరావు పాతబండి బాగుచేసి దాన్నే వాడుకున్నాడు. కొత్తది ఆమెకు వదిలేశాడు. కావలిలో ఎవరైనా ఆ రెంటి సంగతీ అడిగితే, "పాతదాని గురించి నేను చెప్తా. కొత్తదాని గురించి మా ఆమెని అడగాల," అనేవాడు.