చదవనిదే వేలు కదపనివ్వని దక్షిణామూర్తి గారు

దక్షిణామూర్తి గారు చదవని కాగితం మీద సంతకం పెట్టరు. అంతవరకైతే మెచ్చుకోవచ్చు. కానీ ఆయన పక్కవాణ్ణి కూడా పెట్టనివ్వరు. అసలు గొడవంతా అక్కడే.

ఆ సంగతి నాకు మొదటిరోజే తెలిసింది. తొంభై ఏడులో ఉద్యోగ పరీక్షలకు చదువుకుందామని అశోక్‌నగర్ వచ్చి, ఆయన మేడ మీది గది అద్దెకడిగాను. సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. మూడు పేజీల ఒప్పందం చేతికిచ్చారు. పెద్దాయన మీద గౌరవంతో గబగబా చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేశాను.

"చదివావా?"

"మీ మీద నమ్మకముందండి."

ఆయన ఆ కాగితాలను నిలువునా చింపేశారు. "రెండో పేజీలో ఏముందో తెలుసా? రోజూ పొద్దున్నే నా కాళ్లు పట్టాలని రాశాను. ఒప్పేసుకున్నావు! రేపు ఆఫీసరువై ఏ ఫైలు మీద ఏం సంతకం పెడతావో! మళ్లీ టైపు కొట్టించుకురా, పో!"

ముక్కలు అతికించి చూశాను. నిజంగానే రాసి ఉంది! చిక్కడపల్లి వెళ్లి మళ్లీ టైపు కొట్టించి, కామాలతో సహా చదివాకే గది దక్కింది.

నారాయణగూడలో డ్రైక్లీనింగ్ షాపువాడు ఆయన్ను చూస్తే షట్టరు దించేవాడు. చీటీ వెనక "బట్టలు పోతే మా పూచీ లేదు" అని ఉంటే, ఈయన "లేదు" కొట్టేసి "ఉంది" అని రాసి, కింద వాడి చేత సంతకం పెట్టించారు మరి. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకడు పొద్దున వచ్చి, మధ్యాహ్నం భోంచేసి, పడక్కుర్చీలో కునుకు తీసి లేచేసరికి, ఈయన పదకొండో పేజీలో ఉన్నారు.

"అది నయం," అనేవారు భార్య ఆదిలక్ష్మి గారు. "మా పెళ్లిలో ఈయన పురోహితుణ్ణి ఆపి, 'నాచేత ఏం ఒప్పిస్తున్నారో తెలుగులో చెప్పండి' అన్నారు. ముహూర్తం కాస్తా దాటిపోయింది."

పోనీ మనసులో చదువుకుంటారా? వీధి చివరికి వినబడాలి. నా పరీక్షల చదువు ఆ గొంతులో కొట్టుకుపోయేది.

మా వీధి వెనక మురుగు నాలా పక్కన పాలమూరు కూలీల గుడిసెలు ఉండేవి. ఓ ఆదివారం జగన్మోహన్ అనే తెల్లచొక్కా మనిషి వచ్చి అందర్నీ వరసలో నిలబెట్టాడు. కరెంటు మీటర్ల దరఖాస్తుట, ఒక్క వేలిముద్ర చాలుట. చదువు రానివాళ్లకు ఇంకుప్యాడు కనబడితే బొటనవేలు దానంతటదే ముందుకొస్తుంది. వరసలో మొదట నిలబడ్డ నర్సింహమ్మ వేలికి సిరా అంటింది కూడా. అప్పుడే కూరగాయల సంచీతో దక్షిణామూర్తి గారు, ఆయన వెనక నేను అటు వచ్చాం.

"ఆగమ్మా! అందులో ఏముందో తెలుసా?"

"మాకు సదువెక్కడిది సారూ?"

"జర జల్ది ఉంది పెద్దమనిషీ, తర్వాత సదువుకోండి," అన్నాడు జగన్మోహన్.

"నాకు తొందర లేదు." సంచీ కింద పెట్టి మొదటి పేజీ అందుకున్నారు. ఇంగ్లీషు వాక్యం ఒకటి, దానికి తెలుగు ఒకటి. ఎండ నెత్తికెక్కింది. వరసలోవాళ్లు విసుక్కున్నారు. నిజం చెప్పాలంటే నేనూ విసుక్కున్నాను. నాలుగో పేజీలో ఆయన గొంతు ఆగింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"నా గుడిసెను నా ఇష్టప్రకారం నెల లోగా ఖాళీ చేసి అప్పగిస్తున్నాను."

నర్సింహమ్మ వేలిని కొంగుకేసి గట్టిగా తుడిచింది. "మీటరని చెప్పి నా ఇల్లే గుంజుకుంటవా?" అని అరిచింది. జగన్మోహన్ కాగితాలు కూడా అడక్కుండా స్కూటరెక్కాడు.

"మళ్ల మనుషుల్ని తోలుకొస్తే ఏంజెయ్యాలె సారూ?"

"బలవంతంగా ఖాళీ చేయించే హక్కు వాడికి లేదమ్మా. కోర్టుకెళదాం. ఆడవాళ్లు అడిగితే ప్లీడర్ని ఉచితంగా పెట్టాలని చట్టమే ఉంది."

ఆ బస్తీవాళ్లు తెచ్చే ప్రతి కాగితాన్నీ ఆయన పదేళ్లుగా ఇలాగే చదివి పెడుతున్నారని ఇంటికొచ్చాక ఆదిలక్ష్మి గారు చెప్పారు. మనసులో చదివితే వాళ్లకెలా వినబడుతుందని అడిగారు. ఇన్నాళ్లూ ఆ గొంతును తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

మూడు రోజుల తర్వాత, ప్లీడరుకివ్వాల్సిన అర్జీ దక్షిణామూర్తి గారే రాసుకుని, ఇంకుప్యాడుతో నర్సింహమ్మ గుడిసెకు వెళ్లారు. నేనూ వెళ్లాను.

"వేలు పెట్టమ్మా."

ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. "ముందుగాల సదివి వినిపియ్యుండ్రి."

"నేనే రాశానమ్మా!"

"మీరు రాసినా గంతే సారూ. మొత్తం సదువుండ్రి."

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం బుద్ధిగా మొదలుపెట్టారు. రెండో పేజీలో "పన్నెండేళ్లుగా నివాసముంటూ" దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యెత్తింది.

"ఆగుండ్రి. పన్నెండు గాదు, పదహారు. మా బిడ్డ స్వర్ణ ఈ గుడిసెలనే పుట్టింది. దానికి పదహారు నిండినయి."

దక్షిణామూర్తి గారు కాగితం వైపు చూశారు, ఆమె వైపు చూశారు. ఎక్కడ కోప్పడతారో అని భయపడ్డాను. ఆయన పంచె ఎగ్గట్టి ఇంటివైపు పరుగెత్తారు. "ఆదిలక్ష్మీ! నా కాగితంలో తప్పు పట్టిందోయ్! నర్సింహమ్మ! నా కాగితంలో!"

కోర్టు స్టే ఇచ్చింది. గుడిసెలు నిలిచాయి. ఆయన మాత్రం స్టే సంగతి ఎవరికీ చెప్పలేదు. నారాయణగూడ దాకా ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి, పన్నెండు కొట్టేసి పదహారు వేసిన ఆ అర్జీ నకలు చూపించేవారు. "ఇది నర్సింహమ్మ దిద్దింది," అని కొడుకుకు ఫస్టు ర్యాంకు వచ్చినంత గర్వంగా చెప్పేవారు. అర్జీ మొత్తం చదివితేగానీ ఎవర్నీ కదలనిచ్చేవారు కాదనుకోండి.