అన్న కొయ్యని పడుగు

నా నవల మూడు వందల పేజీలు. దాంట్ల జరిగేది ఒక్కటే. సగం నేసిన జంపఖానా మగ్గం మీదుంటది, ముసలి తండ్రి దాని ముందట కూసుంటడు, ఆఖరికి పెద్దకొడుకు కత్తెర తీసుకొని పడుగు పోగులన్ని కోసేస్తడు. హనుమకొండల సగం మంది ఆహా అన్నరు, సగం మంది నలభై పేజీలకే గుర్రుపెట్టిండ్రట. ఒక రిటైర్డ్ సారైతే ఫోన్ చేసి మరీ తిట్టిండు, కదలని బస్సుల కూసోబెట్టినవని. నిద్రపోయినోళ్లతోని నాకేం ఫికర్ లేకుండె.

నా పానం తీసింది వరంగల్ల మా నేతగాళ్ల గల్లీ. అక్కడ ప్రతీకలు గితీకలు ఎవరికీ పట్టవు. నిదానంగున్నదని ఒక్కలు గూడ ఇసుక్కోలే, ఓపికగ పోగు పోగు పట్టుకున్నట్టు చదివిండ్రు. చదివి, పెద్దకొడుకంటే మా అన్ననే అనుకున్నరు. సగం నేసిన పడుగు కోసుడంటే మా తాన కన్నతండ్రి మీద చెయ్యి లేపినట్టే. అప్పటిదాక ఎవరింట్ల కొత్త పడుగెక్కినా మొదటి ముడి అన్నతోనే ఏపిచ్చేటోళ్లు, ఆయన చెయ్యి మంచిదని. పుస్తకమొచ్చినంక పిలుసుడు బంద్ పెట్టిండ్రు. చాయ్ హోటల్ కాడ ఒకడు, తండ్రిని సంపినోడు చాయ్ తాగుతాండని మొఖం మీదనే అన్నడట. అన్న వాణ్ని కింద పడేసి పన్ను ఊడగొట్టిండు.

కోసింది నేను. ఇంటర్ చదివేటప్పుడు, కాలేజీ ఇడిసిపెట్టి మగ్గం మీద కూసోమన్నడు బాపు. ఆయన బయటికి పోంగనే కసకసా కోసి పడేసిన. బాపు వచ్చి చూసి, ఎవరని గూడ అడగకుండ, ఎదురుంగ దొరికిన అన్నను ఇనుపరాడుతోని బాదిండు. అన్న చేతి ఏళ్లు రెండు ఇరిగినయ్. తలుపెనుక నేనున్న. అన్న నన్ను చూసిండు, నా చేతుల కత్తెర చూసిండు, నా పేరెత్తలే. బయటోళ్లకు పడుగును ఎలుకలు కొరికినయని చెప్పుకున్నం. ఆరు నెలలకు బాపు పోయిండు. నవలల చిన్నకొడుకని రాసే దమ్ము నాకు లేకపాయె. థూ, నా బతుకు.

మొన్న హనుమకొండల నవల మీద సభ పెట్టిండ్రు. ఒక లెక్చరర్ మేడం ఆ కోత స్వేచ్ఛకు ప్రతీక అన్నది. రిటైర్డ్ సారు లేసి, ప్రతీక లేదు మన్ను లేదు, పేజీలు నింపిండన్నడు. నవల నచ్చిన పడుచోడు ఒకడు సారు కాలర్ పట్టిండు. కుర్చీలు లేసినయ్, ఎవరిదో ఫోన్ పలిగింది, ఒకడు పుస్తకం సగానికి చింపి నా మీదికిసిరిండు. ఆ లొల్లిల అన్న వచ్చిండు. సీదా స్టేజీ ఎక్కి, వంకర ఏళ్ల చెయ్యి నా మొఖం ముందట పెట్టిండు.

"ఇది గూడ ప్రతీకనేనారా తమ్మీ?"

కోసింది నేనేనని మైకులనే చెప్పిన.

చెంప పలిగేటట్టు కొట్టిండు. కండ్లద్దాలు ఎగిరిపడ్డయ్, పెదవి చీలి అంగీ మీదికి నెత్తురు కారింది. జనం ఉరికొచ్చి అన్నను గుద్దుతాంటే నాకు పిచ్చి లేసింది. నా నవల నచ్చిందన్న ఆ పడుచోణ్నే మూతి మీద ఒక్కటి గుద్దిన. అన్న నా అంగీ పట్టుకొని మెట్ల మీదికెళ్లి కిందికి గుంజుకొచ్చిండు.

"ఈడ చెప్తే ఏమొస్తదిరా? వీళ్లు దీన్ని గూడ నవలనే అనుకుంటరు. గల్లీకి నడువు."

అన్న బండెనుక కూసున్న. నెత్తురు తుడుసుకోబోతే వద్దన్నడు. గల్లీల ఇల్లిల్లు తిప్పి, ప్రతి మగ్గం ముందట నిలబెట్టి చెప్పిచ్చిండు. కొందరు తిట్టిండ్రు, ఒకాయన నా మీద ఉమ్మిండు. ఆఖరింట్ల ముసలవ్వ మగ్గం దిగొచ్చి మొత్తం ఇన్నది. పొద్దుగాల పడుగెక్కిచ్చేదుంది, జల్ది రా బిడ్డా అని అన్నకు చెప్పింది. నన్ను గడప దాటి లోపలికి రావద్దన్నది.